భూగర్భ జలాల చదువును వృత్తిగా తీసుకోవచ్చా? కాశీనగర్ నుంచి ఒక ప్రశ్న

వంశధార గట్టు (ప్రశ్న)

పెద్దలందరికీ నమస్కారం. మాది ఒడిశాలోని గజపతి జిల్లాలో, కాశీనగర్‌కు దగ్గరలో ఉన్న ఒక తెలుగు పల్లె. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, బడిలో ఒడియా చదువుతూ పదో తరగతి వరకు అక్కడే పెరిగాను. ఇంటర్మీడియట్ నుంచి విశాఖపట్నంలో ఉంటున్నాను. ఇప్పుడు బి.యస్సీ. చివరి సంవత్సరం. భూగర్భశాస్త్రం, రసాయనశాస్త్రం, గణితం నా పాఠ్యాంశాలు.

మా నాన్నగారికి నాలుగున్నర ఎకరాల పొలం ఉంది. అయిదేళ్ళలో అందులో మూడు బోర్లు వేయించారు. మొదటిదానికి పాయింటు పెట్టినాయన అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని పొలమంతా నడిచారు. కాయ నిటారుగా లేచిన చోట 180 అడుగులు దింపితే రెండంగుళాల నీరు పడింది, రెండు వేసవులు ఇచ్చి ఆగిపోయింది. రెండోదానికి మిషను తెచ్చిన వారు కాగితం మీద గీతలు గీసి చూపించి, 200 అడుగుల లోపల నీరు ఖాయమని చెప్పారు. 240 అడుగుల దాకా తెల్లటి దుమ్ము తప్ప మరేమీ రాలేదు. మూడోదానికి నాన్నగారు ఎవరినీ పిలవలేదు. పక్క పొలం వారి బోరుకు ఇరవై గజాల దూరంలో తానే గుర్తు పెట్టారు. 310 అడుగుల దగ్గర ఒకటిన్నర అంగుళం పడింది గానీ, మా మోటారు నడిచినంతసేపూ వారి బోరు గాలి కక్కుతోంది. ఇప్పుడు రెండిళ్ళకూ మాటలు లేవు.

ఈ మూడింటికీ ముందు మా తాతగారు తవ్వించిన 32 అడుగుల నుయ్యి ఒకటి ఉంది. నా చిన్నతనంలో దాని అడుగు నేను ఎన్నడూ చూడలేదు. పోయిన ఏడాది వైశాఖంలో చూశాను.

ఆ రోజు నుంచి ఈ చదువే చదవాలని నాకు పట్టుదల కలిగింది. అయితే ఇంట్లో వారికి ఇది బోరు పాయింట్లు పెట్టే పనిగా కనిపిస్తోంది. ఆడపిల్ల కొండల్లో, పొలాల్లో తిరిగే ఉద్యోగం ఏమిటని అమ్మ అంటోంది. బి.ఎడ్. చేస్తే ఎక్కడైనా బతకవచ్చునని మా మావయ్య సలహా. కాబట్టి ఈ రంగంలో ఉన్నవారిని అడుగుతున్నాను: నిజంగా ఇందులో చేసే పని ఏమిటి? ఎమ్మెస్సీలో ఏ శాఖ తీసుకోవాలి? ఒడిశాలో పుట్టి ఆంధ్రలో చదివిన నాకు ఏ రాష్ట్రంలో ఉద్యోగానికి అర్హత ఉంటుంది?

రాతిపొర

అమ్మా, ముప్పై ఏళ్ళకు పైగా ప్రభుత్వ భూగర్భజల విభాగంలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాడిని. ఆ సర్వీసులో సగం కోరాపుట్, రాయగడ, గజపతి, శ్రీకాకుళం జిల్లాల్లోనే గడిచింది. ఉద్యోగం సంగతి తరువాత చెబుతాను. ముందు మీ నుయ్యి ఎందుకు ఎండిందో చూద్దాం, అది అర్థమైతే మేము చేసే పనిలో సగం అర్థమైనట్టే.

వంశధారకు ఆనుకుని ఉన్న ఒండ్రు నేలను దాటితే మీ ప్రాంతమంతా తూర్పు కనుమల గట్టి రాయి. అందులో ప్రధానమైనవి ఖొండలైటు, చార్నకైటు, గ్రానైటు నైసు. ఖొండలైటుకు ఆ పేరు మీ కొండల్లో నివసించే ఖోండుల వల్లనే వచ్చిందన్న సంగతి నీ పుస్తకంలో చదివే ఉంటావు. ఈ రాళ్ళలో ఇసుకలో ఉన్నట్టు గింజకూ గింజకూ మధ్య ఖాళీ ఉండదు. నీరు నిలిచే చోట్లు రెండే: పైన వేల సంవత్సరాలుగా వానకూ ఎండకూ కుళ్ళి మెత్తబడిన రాయి, దాని కింద గట్టి రాయిలోని పగుళ్ళు. పైపొర గాదె వంటిది, సరుకంతా అందులోనే ఉంటుంది. పగుళ్ళు ఆ గాదెకు పెట్టిన గొట్టాలు. మీ తాతగారు 32 అడుగుల నూతిని గాదెలో తవ్వించారు. మీ నాన్నగారు గొట్టాలను వెతుక్కుంటూ 310 అడుగులు వెళ్ళారు. గొట్టంలో నుంచి లాగినా ఖాళీ అయ్యేది గాదే. బోరు నీరు వేరు, నూతి నీరు వేరు అని రైతులు అనుకుంటారు గానీ, ఈ రాతిలో చాలా చోట్ల అవి రెండూ ఒకే నీరు.

ఇప్పుడు ఒక లెక్క చూడు. మెత్తబడిన రాయి ఎంత తడిసినా, మనకు విడిచిపెట్టే నీరు చాలా తక్కువ. దాన్ని స్పెసిఫిక్ ఈల్డ్ అంటారు. దేశమంతటా అంచనాలకు వాడే ప్రమాణాల ప్రకారం ఇసుక ఒండ్రులో అది 16 శాతం. బంకమన్ను ఎక్కువగా కలిసిన శిథిల గ్రానైటులో, నైసులో 1.5 శాతం మాత్రమే. వర్షాకాలంలో మీ నూతిలో నీటిమట్టం 4 మీటర్లు పైకి వచ్చిందనుకుందాం. చూసేవారికి నుయ్యి నిండినట్టే కనిపిస్తుంది. కానీ ఆ 4 మీటర్లలో 1.5 శాతం అంటే 6 సెంటీమీటర్ల నీరు. ఎకరాకు 4,047 చదరపు మీటర్లు కాబట్టి ఒక ఎకరం కింద ఆ ఏడాది చేరినది సుమారు 2 లక్షల 43 వేల లీటర్లు. దాళ్వా వరికి, అంటే వానాకాలం పంట తరువాత వేసే రెండో పంట వరికి, 1,200 మిల్లీమీటర్ల నీరు పెడతామనుకుంటే ఎకరాకు 48 లక్షల లీటర్లకు పైగా కావాలి. అంటే ఒక ఎకరం దాళ్వాకు ఇరవై ఎకరాల కింద ఇంకిన వాన ఖర్చవుతుంది. పొలంలో నిలిపిన నీటిలో కొంత తిరిగి కిందికి దిగుతుంది కనుక లెక్క కాస్త సడలుతుంది, అయినా అసలు సంగతి మారదు. మీ ఊళ్ళో మోటార్ల కింద ఎన్ని ఎకరాల దాళ్వా ఉందో, ఊరి మొత్తం విస్తీర్ణం ఎంతో కనుక్కుని నీవే భాగించి చూడు. కొబ్బరికాయ ఏ వైపు లేచిందన్న ప్రశ్నకు అప్పుడు పెద్దగా పని ఉండదు.

పక్కవారితో వచ్చిన తగాదాకు కూడా శాస్త్రముంది. బోరు నుంచి నీరు తోడుతుంటే దాని చుట్టూ నీటిమట్టం గరాటు ఆకారంలో కుంగుతుంది. ఆ గరాటు కాలంతో పాటు ఎలా వెడల్పవుతుందో 1935లో థైస్ అనే అమెరికా శాస్త్రవేత్త సమీకరణంగా చూపించాడు. నీరు పొరలో ఎంత వేగంగా కదులుతుందన్న మూలసూత్రాన్ని అంతకు ముందే, 1856లో, ఫ్రాన్సులోని దిజోన్ నగరానికి నీరందించిన ఇంజనీరు దార్సీ చెప్పాడు. ఇరవై గజాల దూరంలో, ఒకే పగులు మీద రెండు బోర్లు ఉంటే రెండు గరాట్లూ కలిసిపోతాయి. మీ నాన్నగారు పక్కవారి నీటిని దొంగిలించలేదు, వారూ మీ నీటిని దొంగిలించలేదు. ఉన్న ఒక్క కుండకు రెండు గొట్టాలు పెట్టారు.

కనుక మా పని పాయింట్లు పెట్టడం మాత్రమే కాదు. అది మా పనిలో చిన్న భాగం, నా అభిప్రాయంలో అన్నిటికంటే తక్కువ ఆసక్తికరమైన భాగం. పరిశీలక బావుల్లో, పీజోమీటర్లలో (నీటిమట్టం చూడడానికే వేసిన సన్నని బోర్లలో) ఏడాదికి నాలుగుసార్లు నీటిమట్టం కొలవడం, నమూనాలు తీసి ఫ్లోరైడు, నైట్రేటు, లవణాలు చూడడం, పంపింగు పరీక్షలు చేసి పొర సామర్థ్యాన్ని లెక్కించడం, ఏ మండలంలో ఏటా ఎంత నీరు ఇంకుతోంది, ఎంత తోడుతున్నారు అని జమాఖర్చు రాయడం మా దినచర్య. తోడేది ఇంకేదానిలో 70 శాతం లోపుంటే ఆ ప్రాంతం సురక్షితం. 90 దాటితే క్లిష్టం. నూరు దాటితే మితిమీరి వాడుతున్నట్టు. 2023 అంచనాలో దేశం మొత్తం మీద తోడిన నీరు 241 శతకోటి ఘనపు మీటర్లు, వాడుకోదగిన దానిలో ఇది 59 శాతం. సగటు చూస్తే ఊరటగానే ఉంటుంది. అయితే మీ నుయ్యి సగటులో ఎండలేదు కదా! జలధరాలను, అంటే నేలలో నీరు నిలిచే పొరలను, పటాలకెక్కించే జాతీయ కార్యక్రమం 2012లో మొదలైంది. దాని కోసం నేను నడిచిన నడక వల్లనే ఇప్పుడు నా మోకాళ్ళు ఇలా ఉన్నాయి.

ఇక ఉద్యోగం. కేంద్ర భూగర్భజల మండలిలో సైంటిస్ట్-బి పోస్టులకు యు.పి.యస్.సి. వారి కంబైన్డ్ జియో-సైంటిస్ట్ పరీక్ష ద్వారా ఎంపిక జరుగుతుంది. హైడ్రోజియాలజీ, రసాయనశాస్త్రం, భూభౌతికశాస్త్రం అని మూడు శాఖలుంటాయి. 2020 నుంచి ఇది మూడంచెల పరీక్ష: ప్రిలిమినరీకి 400 మార్కులు, మెయిన్సుకు 600, ఇంటర్వ్యూకు 200. వయసు 21 నుంచి 32 ఏళ్ళు, రిజర్వేషన్లున్న వారికి సడలింపు ఉంది. జవాబులు ఇంగ్లీషులోనే రాయాలి. చేరగానే పదో స్థాయి వేతనం, అంటే మూలవేతనం 56,100 రూపాయలు. హైడ్రోజియాలజీ పోస్టుకు ఎమ్మెస్సీ భూగర్భశాస్త్రంలోనో, అనువర్తిత భూగర్భశాస్త్రంలోనో, హైడ్రోజియాలజీలోనో ఉండాలి. పర్యావరణశాస్త్రంలో ఎమ్మెస్సీ చేసి, నీటి మీదే ప్రాజెక్టు రాసి, తీరా దరఖాస్తు సమయంలో అర్హత లేదని తెలుసుకున్న పిల్లలను నేను చూశాను. కోర్సు పేరు అందంగా ఉందని చేరవద్దు, నోటిఫికేషన్‌లో ఆ పేరు ఉందో లేదో చూసి చేరు.

ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో భూగర్భశాస్త్రం, భూభౌతికశాస్త్రం రెండు శాఖలూ ఉన్నాయి. ఐ.ఐ.టి.లలో చేరాలంటే జామ్ పరీక్ష రాయాలి. ఖరగ్‌పూర్, రూర్కీ, ముంబయి, ధన్‌బాద్ ఈ విద్యకు పాత కేంద్రాలు. పరిశోధన వైపు వెళ్ళాలనుకుంటే హైదరాబాదులో 1961 నుంచి ఉన్న జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, రూర్కీలోని జాతీయ జలవిజ్ఞాన సంస్థ, దానికి కాకినాడలో ఉన్న ప్రాంతీయ కేంద్రం ఉన్నాయి.

స్థానికత విషయంలో నీ భయం అర్థమైంది. కేంద్ర పరీక్షకు ఆ బాధ లేదు. ఒడిశా రాష్ట్ర ఉద్యోగాలకు ఒడియా చదవడం, రాయడం, మాట్లాడడం రావాలి, పాఠశాల స్థాయిలో ఆ భాషలో ఉత్తీర్ణత చూపించాలి. నీకు అది ఉంది. సరిహద్దు పిల్లల్లో చాలామందికి లేనిది అదే. ఆంధ్రలో స్థానికతను చదివిన చోటును, నివాసకాలాన్ని బట్టి చూస్తారు కాబట్టి నీ చదువు ధ్రువపత్రాలన్నీ సంవత్సరాల వారీగా భద్రపరచుకో.

నాలుగు మేకులు

చెల్లెమ్మా, నేను రాయగడ అమ్మాయిని. భూభౌతికశాస్త్రంలో ఎమ్మెస్సీ చేసి పదకొండేళ్ళుగా ప్రైవేటు కన్సల్టెంటుగా పనిచేస్తున్నాను. మీ రెండో బోరుకు వచ్చిన మిషను నా చేతిలో ఉండేదే కాబట్టి దాని గురించి చెప్పే బాధ్యత నాది.

ఆ మిషను నీటిని చూడదు. నేలలో నాలుగు ఇనుప మేకులు దిగగొట్టి, బయటి రెండింటి ద్వారా విద్యుత్తు పంపి, లోపలి రెండింటి మధ్య వోల్టేజి కొలుస్తాము. దాన్ని బట్టి నేల విద్యుత్తును ఎంత అడ్డుకుంటుందో తెలుస్తుంది. బయటి మేకులను దూరం జరుపుకుంటూ పోతే విద్యుత్తు మరింత లోతుకు దిగి, కింది పొరల సంగతి చెబుతుంది. చెక్కుచెదరని చార్నకైటు నిరోధం వేల ఓం-మీటర్లలో ఉంటుంది. నీరున్న శిథిల రాయిలో అది పదుల్లోకి దిగుతుంది. చిక్కు ఎక్కడంటే, ఖొండలైటు కుళ్ళితే వచ్చే తెల్లని సుద్ద కూడా నిరోధాన్ని బాగా తగ్గించి చూపిస్తుంది. సుద్దలో తేమ ఉంటుంది, విద్యుత్తు హాయిగా పోతుంది, చుక్క నీరు మాత్రం బయటికి రాదు. నిరోధం తక్కువగా ఉంది కనుక నీరుంది అని చెప్పేవారికి మిషను వాడడం వచ్చు, రాయి చదవడం రాదు. మీ బోరులో లేచిన తెల్లదుమ్ము ఆ సుద్దే కావచ్చునని నా అనుమానం, అయితే రాతిపొర గారు ఒప్పుకోరు, దుమ్మును చేతిలోకి తీసుకుని చూడనిదే చెప్పకూడదంటారు. వారి మాటే సరైనది.

సముద్రం వైపు, ఇచ్ఛాపురం, కవిటి ప్రాంతాల్లో ఇదే పొరపాటు ఉప్పునీటితో జరుగుతుంది. తీరంలో తియ్యని నీరు ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. సముద్రమట్టం కంటే ఒక మీటరు ఎత్తున తియ్యని నీరు నిలిచి ఉంటే, కింద దాదాపు 40 మీటర్ల దాకా తియ్యని నీరే ఉంటుందని ఒక సూత్రం. దాన్ని తిరగేసి చదివితే భయం వేస్తుంది: పైన ఒక మీటరు తోడేస్తే కింద ఉప్పునీరు 40 మీటర్లు ఎగబాకే అవకాశముంది.

ఉద్దానం గురించి కూడా నిన్ను తప్పకుండా అడుగుతారు, ఇక్కడ నీటి మనిషి ఎవరు కనిపించినా అడుగుతారు. అక్కడి మూత్రపిండాల వ్యాధికి కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. ప్రజలకు వంశధార నీటిని గొట్టాల ద్వారా ఇవ్వడం, పలాసలో ఆసుపత్రి, పరిశోధన కేంద్రం కట్టడం మంచి పనులే. కానీ భూగర్భ జలమే దోషి అని గానీ, కాదని గానీ తీర్పు చెప్పే హక్కు మన శాస్త్రానికి ఇంకా రాలేదు. నీకు రసాయనశాస్త్రం కూడా ఉంది కనుక ఆ దిశలో పనిచేయగల వారిలో నీవూ ఉండవచ్చు.

ప్రైవేటు పనిలో ఆదాయం ఉంది, నిలకడ లేదు. పరిశ్రమలు, గనులు భూగర్భ జలాన్ని వాడుకోవడానికి అనుమతి కోరేటప్పుడు ప్రభావ అంచనా నివేదికలు సమర్పించాలి, మాకు ప్రధానమైన జీవనాధారం అదే. రైతుల పాయింట్లు వేసవిలో మాత్రమే వస్తాయి. వాటిలో ఒక ప్రలోభం ఉంది, ముందే తెలుసుకో. లోతు ఎక్కువ చెబితే రిగ్గు వారికి లాభం, అందులో వాటా ఇస్తామని వారు వస్తారు. నేను మొదటి ఏడాదే ఒకరికి కాదని చెప్పాను, ఆ వేసవిలో నాకు పని సగానికి పడిపోయింది. "ఇక్కడ వేయవద్దు" అని చెప్పినందుకు ఫీజు ఇచ్చే రైతు వందకు ఒకరు కూడా ఉండరు, నేను ఇచ్చే అత్యంత విలువైన సలహా మాత్రం అదే.

అమ్మగారి భయం గురించి ఒక్క మాట. క్షేత్రానికి ఒంటరిగా ఎవరూ వెళ్ళరు, మగవారైనా వెళ్ళరు. మేకులు కొట్టడానికి, తీగలు లాగడానికి కనీసం నలుగురు కావాలి. నాకు ఎదురైన అసలు ఇబ్బంది మనుషుల వల్ల కాదు, మరుగుదొడ్డి లేకపోవడం వల్ల. నూతి దగ్గర ఆడవాళ్ళతో మాట్లాడే వీలు మాత్రం నాకు నా తోటి పురుషుల కంటే ఎక్కువ. ఏ నుయ్యి ఏ నెలలో అడుగంటుందో కడవ మోసేవారికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. నీకు డిగ్రీలో భౌతికశాస్త్రం లేదు కనుక మా శాఖలో సీటు కష్టం. భూగర్భశాస్త్రంలోనే చేరు.

ప్రాణహిత ఒడ్డున

గడ్చిరోలి జిల్లా సిరొంచ నుంచి రాస్తున్నాను. మాదీ తెలుగు ఊరే, పాలన మరాఠీలో. మహారాష్ట్రలో ఈ పనికి 1972 నుంచి ప్రత్యేకమైన రాష్ట్ర సంస్థ ఉంది, మరాఠీ రాకుండా అందులో నెగ్గుకు రావడం కుదరదు. మా దగ్గర గోండ్వానా కాలపు ఇసుకరాయి. గింజల మధ్యే నీరు నిలుస్తుంది కాబట్టి పగుళ్ళ కోసం వెతుకులాట తక్కువ. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఎమ్మెస్సీలో చేరాక ఒక సెలవులోనైనా మీ గట్టి రాయిని వదిలి ఇటువంటి నేలను చూడండి. ఒకే రాతి మీద పెరిగినవారు లోకమంతా ఆ రాయే అనుకుంటారు.

చెలమ

పర్లాకిమిడి కొండల్లోని సవర గ్రామాల్లో ఊటల మీద పనిచేసే ఒక స్వచ్ఛంద సంస్థలో ఉన్నాను. పైన ఎవరూ ప్రస్తావించలేదు గానీ, ఈ జిల్లాలో భూగర్భ జలమంటే బోరు మాత్రమే కాదు. కొండవాలులో రాయి పగులు నేలను తాకిన చోట నీరు తనంతట తానే బయటికి వస్తుంది, ఊళ్ళకు ఊళ్ళు దాని మీదే బతుకుతాయి.

ఊటను కొలవడానికి కావలసినవి ఒక బకెట్టు, ఒక గడియారం. కార్తీకంలో 20 లీటర్ల బకెట్టు 50 సెకన్లలో నిండితే రోజుకు 34,560 లీటర్లు. జల్ జీవన్ మిషన్ ప్రమాణమైన మనిషికి 55 లీటర్ల చొప్పున ఆ నీరు ఆరువందల మందికి పైగా సరిపోతుంది. అదే బకెట్టు వైశాఖంలో నిండడానికి నాలుగు నిమిషాలు పడితే రోజుకు 7,200 లీటర్లు, 130 మందికి. పథకాల కాగితాల మీద సాధారణంగా కార్తీకపు కొలత ఉంటుంది. కొళాయి దగ్గర తగాదా వైశాఖంలో వస్తుంది.

ఊటను కాపాడాలంటే దానికి నీరు ఎక్కడ ఇంకుతోందో తెలియాలి, భూగర్భశాస్త్రం తెలిసిన మనిషి అక్కడే అవసరం. నేను చేరిన కొత్తలో మేము ఒక ఊటకు ఎగువన, కంటికి కనిపించే వాలు మీద, రెండు నెలలు కందకాలు తవ్వించాము. తరువాతి వేసవిలో ఊట ఒక్క లీటరు కూడా పెరగలేదు. ఆ తరువాత వచ్చిన ఒక భూగర్భ శాస్త్రజ్ఞురాలు దిక్సూచితో రాతిపొరలు ఏ వైపు వాలాయో కొలిచి, ఈ ఊటకు నీరు శిఖరానికి అవతలి వాలు నుంచి పొరల వెంట వస్తోందని చూపించారు. అవతలి వాలు అంటే మా జిల్లా కాదు, మా రాష్ట్రమే కాదు. ఊట ఒడిశాలో, దానికి వాన ఆంధ్రలో. రెండు అటవీ శాఖలకు ఉత్తరాలు రాయడం మాకు ఆ రోజు నుంచి మొదలైంది, ఇంకా రాస్తూనే ఉన్నాము.

జీతం ప్రభుత్వోద్యోగం వంటిది కాదు, అది దాచి లాభం లేదు. కానీ మీకు తెలుగు, ఒడియా రెండూ వచ్చు. సవర కూడా నేర్చుకుంటే ఈ కొండల్లో మీకు సాటి ఎవరూ ఉండరు. పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ గిడుగు రామమూర్తి గారు నూరేళ్ళ కిందటే ఆ భాష నేర్చుకుని వ్యాకరణం, నిఘంటువు రాశారు. వ్యావహారిక భాష కోసం పోరాడిన ఆయన ఊరి నుంచి మనమంతా ఇంత బిగుసుకున్న తెలుగులో రాసుకుంటున్నామని తెలిస్తే నవ్వుకునేవారేమో, అది వేరే సంగతి. సవరలతో వారి భాషలో మాట్లాడినప్పుడే, ఏ ఊట ఎన్నడు పుట్టింది, ఏ చెట్టు నరికాక సన్నగిల్లింది అన్న కబుర్లు బయటికి వస్తాయి. ఏ పీజోమీటరులోనూ అంత పాత లెక్క దొరకదు.

వంశధార గట్టు

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. ఎమ్మెస్సీకి భూగర్భశాస్త్రంలోనే దరఖాస్తు చేస్తాను, జామ్ కూడా రాస్తాను. రాతిపొర గారి లెక్క నాన్నగారికి చదివి వినిపించాను. ఇరవై ఎకరాలన్న మాట దగ్గర ఆయన ఆపమని చెప్పి, మా ఊరి దాళ్వా విస్తీర్ణం వేళ్ళ మీద లెక్కపెట్టడం మొదలుపెట్టారు. మావయ్య మాత్రం బి.ఎడ్. దరఖాస్తు కూడా పంపమంటున్నారు, పంపుతాను.

సెలవులకు ఇంటికి వచ్చాను కనుక నిన్న తాడుకు ఇనుప బిళ్ళ కట్టి, టేపు జతచేసి మా నూతిలో నీటిమట్టం కొలిచాను. ఉదయం పదకొండు గంటలకు నూతి గట్టు మీద నుంచి నీటి దాకా 6.10 మీటర్లు వచ్చింది. కొత్త పుస్తకంలో తేదీ వేసి రాశాను. ఇది సరైన పద్ధతేనా?

రాతిపొర

మొదలుపెట్టినందుకు సంతోషం. రెండు తప్పులున్నాయి. గట్టు నేలకు ఎంత ఎత్తుందో రాయలేదు. అది 75 సెంటీమీటర్లు ఉంటే నేల నుంచి నీటిమట్టం 5.35 మీటర్లే అవుతుంది. గట్టు మీద ఒకచోట రంగుతో గీత పెట్టి, ప్రతిసారీ అక్కడి నుంచే కొలిచి, గట్టు ఎత్తును తీసివేసి రాయి. రెండోది, పదకొండు గంటలకు మీ మోటారు గానీ, పక్కవారి మోటారు గానీ నడుస్తూ ఉండి ఉంటుంది, అప్పుడు నీవు కొలిచింది నీటిమట్టాన్ని కాదు, గరాటును. తెల్లవారుజామున, రాత్రంతా రెండు మోటార్లూ ఆపి ఉంచిన తరువాత కొలవాలి. వైశాఖం దాకా పదిహేను రోజులకొకసారి మీ తమ్ముడో చెల్లెలో కొలిచేట్టు నేర్పి వెళ్ళు.

పక్కవారి మోటారు ఒక రాత్రి ఆపమని అడగడానికి మీ నాన్నగారిని పంపవద్దు. నీవే వెళ్ళి, ఆ పుస్తకంలో వారి బోరుకు కూడా ఒక పేజీ పెట్టానని చెప్పు.